చురుకైన పదిమంది

మిరియాలపాలెంలో యూదులు ఇరవైమూడు ఇళ్లవాళ్లు. వారంలో ఆరు రోజులు మిగతా ఊరివాళ్ల లాగే మిరప కోతలకీ కల్లాల్లో కూలికీ పోతారు. ఏడో రోజు శనివారం, విశ్రాంతి దినం. ఆ రోజు పొయ్యి వెలిగించరు, కలం పట్టరు, పనికి పిలిస్తే రారు. ఊరివాళ్లు మొదట్లో వింతగా చూసి, తర్వాత శనివారం వీళ్ల గడపలెక్కడం మానేశారు.

ఈ సమాజానికి ఏడాదికొకసారి హైదరాబాదులోని సమాఖ్య ఆఫీసు నుంచి ఒక ఫారం వస్తుంది. మందిరానికి కప్పు ఉందా, ఉంటే కారుతోందా, ప్రార్థన పుస్తకాలు ఎన్ని, వాటిలో చెదలు తిన్నవెన్ని అని అందులో అడుగుతారు. కప్పు కారుతోందని కార్యదర్శి జెబులూను గారు పదకొండేళ్లుగా రాస్తున్నారు. సమాఖ్యవాళ్లు పదకొండేళ్లుగా చదువుకుంటున్నారు.

ఈసారి ఫారంలో కొత్తగా ఒక ప్రశ్న చేరింది. మీ సమాజంలో యాక్టివ్ అడల్ట్ మెంబర్లు ఎందరు, వారి యాక్టివిటీని పెంచడానికి మీరు తీసుకున్న చర్యలేమిటి అని.

జెబులూను గారు ఒక కాలవల ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. కాలవలో నీళ్లుండేవో లేదో గాని, ఆయన ముప్పైనాలుగేళ్ల సర్వీసులో ఒక్క కాలమూ ఖాళీగా వదల్లేదు. నిఘంటువు తీసి చూశారు. యాక్టివ్ అంటే చురుకైన అని ఉంది. అడల్ట్ అంటే వయోజనుడు. ఇంకేముంది, ప్రశ్న పట్టపగల్లాగా తేటపడింది. ఆదివారం సాయంత్రం సర్వసభ్య సమావేశానికి కబురు పెట్టారు.

ఆ సమావేశానికి నఫ్తాలి కూడా వచ్చి వెనక బల్ల మీద కూచున్నాడు. అతనికి అరవైఆరేళ్లు. పొద్దుటి నుంచీ కల్లంలో ఎండుమిరపకాయల మధ్య అటూ ఇటూ నడుస్తూ, కాళ్లతో వాటిని తిరగేసి తిరగేసి వచ్చాడేమో, పాదాల మంట చల్లారడానికి గచ్చు మీద బాగా ఆనించి పెట్టుకున్నాడు. నలుగురిలో నోరు విప్పే రకం కాదు. కానీ ఈవేళ అతనికొక మాట చెప్పాల్సి ఉంది. నాలుగు వారాల తర్వాత గురువారం నాటికి అతని భార్య ఎలీషెబ పోయి ఏడాది. ఆ రోజు పోయినవాళ్ల పేరున కద్దీషు అనే ప్రార్థన చదవాలి. పదిమంది వయసొచ్చిన మగవాళ్లు మందిరంలో ఉంటేనే అది చదవాలి. తొమ్మిదిమంది ఉంటే, ఆ తొమ్మిదిమందీ కాసేపు కూచుని ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోవాలి.

పోయేముందు ఎలీషెబ అతని చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "ఏడాది నాడు పదిమంది మధ్యన నిలబడి పైకి చదవాలి. ఇంట్లో మూల కూచుని గొణిగితే నేనొప్పుకోను." ముప్పైతొమ్మిదేళ్ల కాపరంలో ఆమె ఒప్పుకోననడమే తప్ప అడిగిందేమీ లేదు. అందుకే ఈ ఒక్కటీ నఫ్తాలికి గుండెల్లో దిగబడిపోయింది.

అతను చెయ్యెత్తేలోపే జెబులూను గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"సభ్యులారా! పై ఆఫీసు నుంచి మనకొక ఉత్తరువు వచ్చియున్నది. వయోజన సభ్యుల చురుకుదనం మన సమాజంలో ఏ మేరకు ఉన్నది, దానిని పెంపొందించుటకు ఏమి చర్యలు గైకొన్నాము అని ప్రశ్నించియున్నారు. సదరు కాలమునందు సున్నా చుట్టి పంపుట మనకు గౌరవప్రదము కాదు."

"చురుకంటే ఏందిరా?" అన్నాడు ఆశేరు తాత. ఆయనే ప్రార్థనలు నడిపించే పెద్ద. డెబ్బైఎనిమిదేళ్లు. రెండు మోకాళ్లూ ఆయన మాట వినడం మానేసి చాలాకాలమైంది.

"శారీరక చురుకుదనం తాతగారూ. నడక, వ్యాయామం. పట్నాల్లో పెద్ద సమాజాలన్నింట్లో ఇప్పుడు ఇదే పద్ధతి. ప్రార్థన కాగానే పరుగులు తీస్తున్నారట."

"కాయలు కోసి కోసి మా నడుములు పడిపోతంటే ఇంకా వ్యాయామమేంది జెబులూనన్నా?" అని ఆడవాళ్ల వైపు నుంచి తిర్సా అడిగింది. ఎలీషెబకి సొంత చెల్లెలు. అక్కది మెత్తని మాటైతే ఈమెది మిరపగింజ.

ప్రశ్న సభా మర్యాదకు లోబడి లేదని జెబులూను గారు దాన్ని నమోదు చేయలేదు. 'వయోజన సభ్యుల శారీరక చురుకుదన ప్రోత్సాహక ఉపసంఘం' అక్కడికక్కడే ఏర్పడింది. కన్వీనరు జెబులూను గారు. సభ్యులుగా ఎవరూ ముందుకు రానందువల్ల సభ్యుల బాధ్యతలు కూడా కన్వీనరే తాత్కాలికంగా స్వీకరించారు. దేవుడితో కలిసి నడిచిన పూర్వికుడి పేరున దీనికి 'హనోకు పథకం' అని నామకరణం చేశారు.

"హనోకు నడిచిన మాట నిజమేరా," అన్నాడు ఆశేరు తాత నెమ్మదిగా. "నడిచి నడిచి మళ్లీ ఇంటికి రాలా."

అయినా తాత తీర్మానం మీద సంతకం పెట్టాడు. కళ్లద్దాలు ఇంటి దగ్గర మర్చిపోయి, అది కారుతున్న కప్పు సంగతి అనుకున్నాడు. నఫ్తాలి తన మాట చెప్పాడు గాని, అప్పటికే అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. "గురువారమేగా, చూద్దాంలే," అన్నారు జెబులూను గారు పుస్తకం మూస్తూ.

మూడో రోజుకి తెనాలి నుంచి అడుగుల మిషన్లు వచ్చాయి. అగ్గిపెట్టంత ఉంటుంది, మొలకి తగిలించుకుంటే వేసిన ప్రతి అడుగూ లెక్కపెడుతుంది. మందిరానికి వచ్చే మగవాళ్లు పద్నాలుగు మందికీ తలొకటి. ఆడవాళ్లందరికీ కలిపి ఆరు, వంతులవారీగా. రోజుకి ఎనిమిది వేల అడుగులు వేసినవాడు చురుకైన సభ్యుడు. ప్రతి సాయంత్రం జెబులూను గారు రిజిస్టరు చంకన పెట్టుకుని ఇరవైమూడు ఇళ్లకీ స్వయంగా వచ్చి అంకెలు రాసుకుంటారు.

మొదటి రోజు రాసుకోవడానికి వచ్చి ఆయన గతుక్కుమన్నారు. పొద్దున తొమ్మిది గంటలకే సమాజమంతా ఎనిమిది వేలు దాటేసిందట. తిర్సా వంతు మిషను పందొమ్మిది వేలు చూపించింది. నఫ్తాలిది ఇరవైఆరు వేలు. ఆశేరు తాతదొక్కటే నూటనలభై.

జెబులూను గారికి రాత్రంతా నిద్ర లేదు. ఉపసంఘం ప్రోత్సహించకముందే వీళ్లు ఇంత చురుగ్గా ఉంటే ఇక ఉపసంఘం ప్రోత్సహించేదేమిటి? చర్యలు అనే కాలంలో ఏం రాయాలి? తెల్లారేసరికి మందిరం తలుపు మీద మూడో నిబంధన అంటించి ఉంది. 'కూలి నిమిత్తము గాని, గృహకృత్యముల నిమిత్తము గాని, మరే ఇతర ప్రయోజనము నిమిత్తము గాని వేసిన అడుగు శ్రమగా పరిగణింపబడును. వ్యాయామముగా పరిగణింపబడదు.'

నఫ్తాలి దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"అంటే ఏ పనికీ రాని అడుగే లెక్కకొస్తదా అండీ?"

"స్థూలంగా చెప్పాలంటే అంతే నఫ్తాలీ. కల్లంలోకి వెళ్లేముందు మిషను విప్పి జేబులో పెట్టుకో. ఇంటికొచ్చాక తగిలించుకో."

"ఇంటికొచ్చాక నేను మంచం దాకానే నడుస్తానండీ."

"అదే మార్చుకోవాలి."

అప్పట్నుంచి మిరియాలపాలెంలో కొత్త రకం నడక మొదలైంది. పల్లెటూళ్లో పని లేకుండా ఎవరూ నడవరు. ఎవడైనా నడుస్తున్నాడంటే గొడ్డు తప్పిపోయిందో, మనిషికి జ్వరమొచ్చిందో అయి ఉండాలి. అందుకని ఎదురైన ప్రతివాడూ "ఎక్కడికి?" అని అడిగేవాడు. "ఎక్కడికీ కాదు" అని వీళ్లు నిజం చెప్పేవాళ్లు. ఇరవైమంది ఒకే రోజు ఒకే వీధిలో ఎక్కడికీ కాకుండా పోతుంటే ఎవరికైనా అనుమానం రాదూ? సర్పంచి గారు పరుగున వచ్చి, "ధర్నా ఏమన్నా చేస్తన్నారా? మీ కోరికలేంటో చెప్పండి, కూచుని మాట్టాడుకుందాం," అని బతిమాలారు. కూచోవడానికి వీల్లేదని జెబులూను గారు ఆయనకి సవివరంగా తెలియజేశారు.

తిర్సా కుళాయికి పోతూ మిషను పెట్టుకుంది. వెళ్లేటప్పుడు బిందె ఖాళీ కదా, ఆ అడుగులు లెక్కకి రావాలని ఆమె వాదన. ఖాళీ బిందె కూడా ప్రయోజనాన్ని సూచిస్తుందని జెబులూను గారి తీర్పు. ఆటో నడిపే గిద్యోను ఇంకొంచెం తెలివి చూపించాడు. మిషనుని హ్యాండిలుకి కట్టాడు. మన రోడ్ల సంగతి తెలిసిందే, ప్రతి గుంతకీ అది ఒక అడుగు వేసింది. సాయంత్రానికి నలభైయొక్క వేలు. అంత నడిచినవాడు ఆ పాటికి ఒంగోలు దారిలో సగం పోయి ఉండాలి. దాంతో ఏడో నిబంధన వచ్చింది, గిద్యోను అడుగులన్నీ కొట్టేశారు.

ఇక చిక్కంతా విశ్రాంతి దినంతో వచ్చింది. ఆ రోజు మిషను పెట్టుకోకూడదని ఆశేరు తాత ఖండితంగా చెప్పేశాడు. అయితే శనివారం అడుగులు శుక్రవారమే ముందస్తుగా వేయాలని ఉపసంఘం తీర్మానించింది. శుక్రవారం పనులు దిగి వచ్చినవాళ్లంతా పదహారు వేల కోసం మందిరం చుట్టూ గానుగెద్దుల్లా తిరిగారు. దీపాలు పెట్టే వేళకి లోపలికి వచ్చి ప్రార్థన మొదలుకాకముందే బల్లల మీద ఒరిగి గురకలు పెట్టారు. విశ్రాంతి దినాన్ని అంత నిష్ఠగా పాటించడం తన జన్మలో చూడలేదన్నాడు తాత.

పద్ధతి సంతృప్తికరంగా లేదని జెబులూను గారికే అనిపించింది. ప్రార్థనలో అందరూ ముందుకీ వెనక్కీ ఊగుతారు గదా, ఆ ఊగడాన్ని లెక్కలోకి తీసుకుంటే పోలేదా అని ఆలోచించారు. రెండు ఊపులకి ఒక అడుగు.

"ఊగుడు ఏ ప్రయోజనమూ లేని కదలికంటావా?" అని ఆశేరు తాత నిలదీశాడు. "ప్రార్థనకి ప్రయోజనం లేదంటావా జెబులూనూ?"

జెబులూను గారు దీర్ఘంగా ఆలోచించారు. "ప్రార్థన మాటలకి ప్రయోజనం ఉంది తాతగారూ. ఊపుకి లేదు."

విశ్రాంతి దినాన రాయకూడదు కనక అందరూ శనగగింజలు తెచ్చుకున్నారు. ఎవరెన్ని ఊపులు ఊగితే అన్ని గింజలు కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. చుక్కలు పొడిచి విశ్రాంతి దినం ముగిశాక లెక్క చూసి రాస్తారు. ఆ శనివారం మందిరం పడవలాగా ఊగిపోయింది. మూడో బల్ల కాలు విరిగింది. ఆశేరు తాత ప్రార్థన ముగించి, పుస్తకం మూసి, ముద్దుపెట్టుకుని, ఇంటికి పోయి అన్నం తిన్నా లోపల ఎవరూ ఊగడం ఆపలేదు.

నఫ్తాలి ఊగలేదు. మామూలుగా నిలబడినట్టే నిలబడ్డాడు. ఎలీషెబ పోయాక అతనికి ప్రార్థనలో కదలబుద్ధి కావడం లేదు, అంతే. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

దాని ఫలితం సోమవారం తలుపు మీద కనిపించింది. చురుకైన సభ్యుల జాబితా. పద్నాలుగు మందిలో తొమ్మిది పేర్లున్నాయి, వాటిలో మొదటిది కన్వీనరుది. కింద గీత గీసి, చురుకులేని సభ్యులు అయిదుగురు. ఆశేరు తాత, ఆటో గిద్యోను, మందిరం పక్కింట్లో ఉండే ముసలి అన్నదమ్ములిద్దరు, నఫ్తాలి. అందరికంటే కింద పదకొండో నిబంధన. 'చురుకులేని సభ్యుడు ఇకమీదట ప్రార్థనకు కావలసిన పదిమందిలో లెక్కకు రాడు.'

నఫ్తాలి పై పేర్లు వేలితో లెక్కపెట్టాడు. తొమ్మిదిమంది! గురువారానికి పది రోజులుంది.

"ధర్మశాస్త్రంలో మోకాళ్ల సంగతి ఎక్కడా లేదురా," అని ఆశేరు తాత మొత్తుకున్నాడు.

"తీర్మానంలో ఉంది తాతగారూ, తమరి సంతకంతో సహా. తమరు ప్రార్థన నడిపించవచ్చు. లెక్కలోకి మాత్రం రాకూడదు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? నఫ్తాలి వాదించలేదు. జెబులూను గారి అరుగు ముందు నిలబడి, "నేను ఎన్ని అడుగులేస్తే పదోవాణ్ణవుతానండీ?" అని అడిగాడు. జెబులూను గారు పాత బాకీలన్నీ కూడి, గురువారం సాయంత్రంలోగా తొంభై వేలన్నారు.

కల్లంలో పొద్దంతా నడిచి వచ్చి, చెంబెడు నీళ్లు తాగి, మిషను తగిలించుకుని మళ్లీ నడవడం మొదలుపెట్టాడు నఫ్తాలి. కాలవ గట్టు మీద ఒక చివర్నుంచి ఇంకో చివరికి. ఎందుకూ కాకుండా నడవడం అనుకున్నంత తేలిక కాదు. చేతులు ఏం చెయ్యాలో తెలియవు. దారిలో పుల్లముక్క కనపడితే పొయ్యిలోకి పనికొస్తుందని వంగబోయి, ప్రయోజనం గుర్తొచ్చి ఆగిపోయేవాడు. ఇన్నేళ్ల బతుకులో ఎన్నడూ లేని అవమానంగా ఉండేది అతనికి. అయినా నడిచాడు.

ఆదివారం సాయంత్రం అట్లా నడుస్తూ నడుస్తూ ఉండగా కాళ్లు తమంతట తామే అతన్ని గట్టు దిగువన సమాధుల తోటకి తీసుకుపోయాయి. ఎలీషెబ రాయి పక్కన కూలబడి, జరిగిన భాగోతమంతా చెప్పుకున్నాడు. మూడో నిబంధన దగ్గరకొచ్చేసరికి అతనికే నవ్వొచ్చింది. ఆమె ఉంటే ఎంత నవ్వేదో అనుకుని, తర్వాత కాసేపు ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని ఇంటికి నడిచాడు.

ఇంటి దగ్గర జెబులూను గారు రిజిస్టరుతో సిద్ధంగా ఉన్నారు. "ఎటు నడిచావు?" అని అడిగారు. నఫ్తాలికి అబద్ధం రాదు.

"సమాధి దగ్గరికా? అది ప్రయోజనం కిందికి వస్తుందే."

"ఏం ప్రయోజనమండీ? ఆమె లేచి మాట్టాడిందా, కూడొండి పెట్టిందా?"

జెబులూను గారు కలం ఆపి నిజాయితీగా ఆలోచించారు. ఆయన చెడ్డ మనిషి కాదు. "మనసుకి నెమ్మదిగా ఉందా?"

"కొంచెం ఉందండీ."

"అదే ప్రయోజనం." పోనూ రానూ నాలుగు వేల రెండు వందల అడుగులు కొట్టేశారు.

పక్కింటి పాకలోంచి ఇదంతా విన్న తిర్సా చీపురు పట్టుకుని బయటికొచ్చింది. "మమ్మల్ని ఎట్టాగూ పదిమందిలో లెక్కెయ్యరు, నడిపించడానికి మాత్రం లెక్కేశారు! ఊరుకుంటావేంది బావా?" అని అరిచింది. నఫ్తాలి ఆమెను వారించాడు. అతని మనసులో ఒకటే ఉంది, గురువారం.

గురువారం కల్లానికి సగం పూటే పోయాడు. మధ్యాహ్నం నుంచి మందిరం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఎండకి గోడ కాలిపోతోంది, అరికాళ్లు పొక్కిపోయాయి. అయిదున్నరకి తొంభై వేలు పూర్తయ్యాయి. జెబులూను గారు మిషను చూసి, తల పంకించి, జాబితాలో పదో పేరు రాశారు. ముందురోజు సాయంత్రం ప్రార్థనా, ఈ పొద్దుటి ప్రార్థనా తొమ్మిదిమందితో వట్టిపోయాయి. మిగిలింది ఈ ఒక్కటే. ఆరున్నరకి పొద్దు గుంకితే వీళ్ల లెక్కలో రోజు మారిపోతుంది, ఏడాది తిథి దాటిపోతుంది.

అందరూ లోపలికి పోబోతుంటే గిద్యోను ఆటో వచ్చి ఆగింది. అందులోంచి నయోమి అనే ఆవిడ దిగింది. సమాఖ్య ఆఫీసు నుంచి, కారుతున్న కప్పు చూడ్డానికి వచ్చింది. పదకొండేళ్ల తర్వాతనైనా సరే, వచ్చింది. మొలలకి మిషన్లతో నిలబడ్డ జనాన్ని చూసి ఏమిటిదని అడిగింది.

"చురుకుదనం మేడం," అంది తిర్సా. "మీరే అడిగారంటగా."

జెబులూను గారు రిజిస్టర్లన్నీ తెచ్చి ఆవిడ ముందు పేర్చారు. ఆవిడ పుటలు తిప్పింది. మొహం ఎర్రబడింది, నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"యాక్టివ్ మెంబర్లంటే క్రమంగా మందిరానికి వచ్చేవాళ్లు, సమాజం పనుల్లో పాల్గొనేవాళ్లు అని అర్థమండీ. నడిచేవాళ్లని కాదు."

జెబులూను గారి మొహం వాడిపోయింది. కానీ ముప్పైనాలుగేళ్ల సర్వీసు ఆయన్ని ఆదుకుంది.

"ఆ వివరణ ఫారంలో పొందుపరచలేదు. ఇప్పుడు తీర్మానం అమల్లో ఉంది. రద్దు చేయాలంటే సర్వసభ్య సమావేశం జరగాలి. దానికి పదిమంది చురుకైన సభ్యుల హాజరు ఉండాలి."

"ఉన్నారుగా పదిమంది," అని తిర్సా ఒక్కొక్కరి మొల చూస్తూ లెక్కపెట్టింది. ఎనిమిదికి ఎనిమిదీ, నఫ్తాలిది తొమ్మిది. జెబులూను గారి దగ్గర ఆగింది. "మీ మిషనేదన్నా?"

జెబులూను గారు నడుం తడుముకున్నారు. "కన్వీనరు హోదాలో నేను..."

"మీ పేరు మొదట రాసుకున్నారుగా! అడుగులేవీ?"

నిజమే, మిషన్లు పద్నాలుగూ తలొకటి అన్నారు గాని, గిద్యోను తనది గుంతల్లో పారేసుకుంటే జెబులూను గారు ఒక్కసారీ తగిలించుకోని తన దాన్ని అతనికిచ్చేశారు. ఆయన పేరెదురుగా ఒక్క అడుగూ లేదు. ఆయన రాసిన నిబంధన ప్రకారం ఆయన చురుకులేని సభ్యుడు. మళ్లీ తొమ్మిదిమందే. ప్రార్థనా లేదు, రద్దు చేసే సమావేశమూ లేదు.

"ఇదేం చోద్యం! ఇక్కడ పద్నాలుగు మంది మగవాళ్లున్నారు, చదివేయండి," అంది నయోమి.

"వద్దమ్మా," అన్నాడు నఫ్తాలి. అందరూ అటు తిరిగారు. అతని గొంతు ఆ వరండాలో అంతకుముందెప్పుడూ అంత గట్టిగా వినపడలేదు. "రేపు ఎవరో ఒకరు ఎలీషెబ కద్దీషుకి లెక్క తప్పిందనకూడదు. ఆమె పేరు మీద ఆ మాట పడనియ్యను. జెబులూను గారూ, ఒక్కటి చెప్పండి. నాలుగు వారాలుగా మీరు రోజూ ఇరవైమూడు ఇళ్లకీ తిరిగారా లేదా?"

"తిరిగాను."

"ఊపుల్ని మిషను లేకుండానే లెక్కేశారు గదా, మీ నడక ఊరంతా కళ్లారా చూసింది. రోజుకి ఎనిమిది వేలకి తక్కువుండదు. అవి లెక్కకొస్తయ్యా?"

"రావు నఫ్తాలీ. అవి ఉపసంఘం పని మీద వేసినవి. ప్రయోజనం నిమిత్తం..."

"ఏం ప్రయోజనమండీ?"

జెబులూను గారు రిజిస్టరులో ఆ కాలం కోసం వెతికారు.

"నేను ఎగతాళికి అడగడం లా," అన్నాడు నఫ్తాలి. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మీ ఉపసంఘం వల్ల ఒక్కరికి, ఒక్కటంటే ఒక్క ప్రయోజనం కలిగిందని చెప్పండి, నేనింటికి పోతా. కలగలేదంటారా, మీ అడుగులన్నీ ఉత్తయ్యే, మీరు ఈ ఊళ్లోకల్లా చురుకైన మనిషి. నాకు పదోవారు మీరే."

పొద్దు తాటితోపు మీదికి దిగింది. జెబులూను గారు రిజిస్టర్ల వంక చూశారు. ఎర్రసిరా గీతలు, నీలంసిరా అంకెలు, ప్రతి పుటలో చక్కగా కూడిన మొత్తాలు. సర్వీసంతటిలో ఆయన ఒక్క ఫైలు మీదా ప్రయోజనం లేదని రాయలేదు. రాయాల్సినవి చాలా ఉన్నా రాయలేదు. నఫ్తాలి ఆయన వంక చూశాడు. చూసి జాలిపడ్డాడు కూడా.

"కలం ఇలా ఇవ్వు గిద్యోనూ," అన్నారాయన చివరికి. నిలబడే రాశారు, రాస్తూ పైకి చదివారు. "ఉపసంఘ కన్వీనరు గత నాలుగు వారములలో వేసిన అడుగులన్నియు ఎట్టి ప్రయోజనము లేనివని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కింద సంతకం పెట్టి, తేదీ వేసి, తీర్మానాల పుస్తకం బల్ల మీద పెట్టి, మిగతావాళ్ల వరసలోకి వచ్చి నిలబడ్డారు.

"పదిమందిరా!" అని ఆశేరు తాత కేకేశాడు. ప్రార్థన మొదలైంది.

నఫ్తాలి ముందుకొచ్చి కద్దీషు అందుకున్నాడు. మొదటి మాట పొడిగా వచ్చింది, రెండోది రాలేదు. తల దించుకుని ఆగిపోయాడు. అప్పుడు వెనకనుంచి "ఆమేన్" అని, సమయం కాకపోయినా, గట్టిగా ఒక గొంతు వినపడింది. జెబులూను గారిది. ఆ ఆసరాతో నఫ్తాలి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గొణగలేదు, ఆడవాళ్ల వైపు చివరి బల్ల దాకా వినపడేలా చదివాడు. తిర్సా కొంగు నోట్లో కుక్కుకుంది. ముగించేసరికి కిటికీలో ఇంకా కొంచెం వెలుగుంది.

అందరూ వచ్చి నఫ్తాలి భుజం తట్టి వెళ్లారు. నయోమి నిచ్చెన మీదికెక్కి కప్పు చూస్తోంది. నఫ్తాలి చెప్పులేసుకోబోతుంటే, జెబులూను గారు తీర్మానాల పుస్తకం తెరిచి పట్టుకుని దగ్గరకొచ్చారు.

"నఫ్తాలీ, చిన్న సవరణ. 'ఎట్టి ప్రయోజనము లేనివని' అన్న దగ్గర 'ఈ సాయంకాలము వరకు' అని చేర్చాలనుకుంటున్నాను. నీకేమైనా అభ్యంతరమా?"

"చేరిస్తే మన లెక్క తప్పదు గదండీ?"

"తప్పదు. ప్రయోజనం కలిగింది ప్రార్థన అయ్యాకే గదా." ఆయన తలెత్తలేదు.

నఫ్తాలి ఆయన మొహంలోకి చూశాడు. చెప్పులు వదిలేసి, పుస్తకం కదలకుండా కింద రెండు చేతులూ పట్టాడు.

"రాయండి," అన్నాడు.